కోడుతో పాటు 40 గంటల ఆడియో కూడా గిట్‌లో పెట్టేశాం, ఇప్పుడేం చేయాలి?

ప్రశ్న: మాది గుంటూరు. ఆరుగురం ఇంజినీరింగ్ విద్యార్థులం కలిసి, తెలుగు మాటను విని రాతలోకి మార్చే ఓపెన్ సోర్స్ ప్రాజెక్టు నడుపుతున్నాం. గుంటూరు, తెనాలి, మంగళగిరి, విజయవాడల్లో 60 మంది చేత మాట్లాడించి దాదాపు 40 గంటలు రికార్డు చేశాం. అన్నీ వేవ్ ఫైళ్లే, 16 కిలోహెర్ట్జ్ మోనో. కోడు, ఆడియో, వాటి రాతప్రతులు అన్నీ గిట్‌తో (ఫైళ్ల మార్పులను చరిత్రగా దాచే పనిముట్టు) గిట్‌హబ్‌లో ఒకే రిపోలో (ప్రాజెక్టు ఫైళ్లు, వాటి చరిత్ర ఉండే చోటు) ఉన్నాయి. అది ఇప్పుడు 7 జీబీ దాటింది. మొన్న 132 ఎంబీ ఫైలు ఒకటి పుష్ కానంటే (గిట్‌హబ్‌కు ఎక్కనంటే) డిలీట్ చేసి మళ్లీ కమిట్ చేశాం (మార్పును నమోదు చేశాం), అయినా అదే ఎర్రర్. విజయవాడ హాస్టల్లో ఉండే ఇద్దరు కొత్తవాళ్లు ఫోన్ హాట్‌స్పాట్ మీద క్లోన్ చేయబోతే (రిపో మొత్తం దించుకోబోతే) మధ్యలో తెగిపోతోంది. ఎల్‌ఎఫ్‌ఎస్ (లార్జ్ ఫైల్ స్టోరేజ్) పెట్టుకుంటే సరిపోతుందని మా సీనియర్ అంటున్నారు. డబ్బు పెట్టే స్తోమత మాకు లేదు. దారి చెప్పగలరా?

సమాధానం: ముందు ఆ 132 ఎంబీ ఫైలు సంగతి చూద్దాం, మీ పని ఆగింది అక్కడే కాబట్టి. గిట్‌హబ్ 50 ఎంబీ దాటిన ఫైలుకు హెచ్చరించి ఊరుకుంటుంది, 100 దాటితే పుష్‌నే తిప్పికొడుతుంది. 16 కిలోహెర్ట్జ్, 16 బిట్, మోనో అంటే సెకనుకు 32,000 బైట్లు, గంటకు 115 ఎంబీ. ఆ రికార్డింగు గంటా తొమ్మిది నిమిషాలది అయి ఉంటుంది. 54 నిమిషాలు దాటిన ప్రతి ఫైలూ ఇలాగే ఆగుతుంది. మరి డిలీట్ చేసినా ఎందుకు పోలేదు? పుష్ చేసినప్పుడు వెళ్లేది మీ ఫోల్డర్లో ఇప్పుడున్న సరుకు కాదు, అవతల లేని కమిట్లన్నీ వరసగా వెళ్తాయి. మొదటి కమిట్‌లో ఫైలుంది, రెండో దాంట్లో దాన్ని తీసేశామన్న మాట ఉంది. రెండూ బయల్దేరతాయి, మొదటిదాని వెంట ఫైలూ బయల్దేరుతుంది.

దీనికి మందు చిన్నదే. (ఆదేశాలను ఇక్కడ పలికే తీరులో రాస్తున్నాం, టెర్మినల్లో మామూలుగా ఇంగ్లిషులోనే కొట్టండి.) ముందు ఆ ఫైలు కాపీ ఒకటి రిపో బయట ఉందో లేదో చూసుకోండి. లేకపోతే "గిట్ రీస్టోర్ --సోర్స్" అని, దాన్ని చేర్చిన కమిట్ నంబరు, ఫైలు దారి ఇచ్చి వెనక్కి తెచ్చుకుని పక్కన పెట్టండి. తర్వాత "గిట్ లాగ్ ఆరిజిన్/మెయిన్..హెడ్" అంటే ఇంకా పుష్ కాని కమిట్లు కనిపిస్తాయి. "గిట్ రీసెట్ --సాఫ్ట్ ఆరిజిన్/మెయిన్" కొడితే ఆ కమిట్లు విడిపోయి, వాటిలోని మార్పులు మాత్రం స్టేజ్ మీద, అంటే తర్వాతి కమిట్‌కు సిద్ధంగా, మిగులుతాయి. "గిట్ స్టేటస్"లో ఆ ఫైలు పేరు ఇంకా కనిపిస్తే "గిట్ రీస్టోర్ --స్టేజ్డ్"తో దాన్ని దించేసి, మిగతాదంతా ఒకే కమిట్‌గా చేసి పుష్ చేయండి. సాఫ్ట్ బదులు పొరపాటున "--హార్డ్" కొట్టారా, చేసిన పనంతా ఫోల్డర్లోంచి పోతుంది.

అది పూట గడవడానికి. అసలు జబ్బు ఆ 7 జీబీ.

40 గంటలు అంటే 4.6 జీబీయే కదా, మిగతా రెండున్నర ఎక్కడిది? కొన్ని రికార్డింగులకు వాల్యూమ్ సరిచేసో, నిశ్శబ్దం కత్తిరించో మళ్లీ కమిట్ చేసి ఉంటారు. గిట్ ప్రతి ఫైలు ప్రతి రూపాన్నీ విడివిడిగా దాస్తుంది. దాచేటప్పుడు జడ్‌లిబ్ అనే పద్ధతితో కుదిస్తుంది, ప్యాక్ చేసేటప్పుడు ఒకదానికొకటి దగ్గరగా ఉన్నవాటిని పోల్చి తేడా మాత్రమే ఉంచుకోవాలని చూస్తుంది. కోడు విషయంలో ఇది బ్రహ్మాండంగా నడుస్తుంది. వేవ్ ఫైల్లో ముందున్న నిశ్శబ్దం కోసేసినా పర్వాలేదు, మిగతా బైట్లు అవే, కాస్త ముందుకు జరిగాయంతే, తేడా దొరుకుతుంది. వాల్యూమ్ మార్చారనుకోండి, ప్రతి శాంపిల్ విలువా మారిపోతుంది. గిట్ లెక్కలో అది బొత్తిగా కొత్త ఫైలు. ఎంపీ3, ఫ్లాక్, జిప్, ఎక్సెల్ షీటు లాంటి ముందే కుదించిన ఫైళ్లయితే చిన్న మార్పుకే చాలా బైట్లు తలకిందులు కావచ్చు. పైగా ఈ పోలిక అంతా ర్యామ్‌లో జరుగుతుంది. 512 ఎంబీ లోపు ఫైలు ఏదైనా పోలికకు అర్హమే కాబట్టి, 4 జీబీ ర్యామ్ ఉన్న లాప్‌టాప్ మీద, రిపోను సర్ది కుదించే "గిట్ జీసీ" కొడితే మెమరీ చాలక చతికిలపడటం మామూలే. చరిత్ర శుభ్రమయ్యేదాకా ఆ లాప్‌టాప్‌లో "ప్యాక్.విండోమెమరీ" అనే సెట్టింగును 256 ఎంకి కట్టడి చేయండి.

క్లోన్ తెగిపోవడానికి కారణం వేరు. గిట్ క్లోన్‌కు ఆగినచోటి నుంచి మళ్లీ మొదలుపెట్టడం రాదు. 6 జీబీ దిగాక సిగ్నల్ పోయినా మళ్లీ సున్నా నుంచే. మీ విజయవాడ పిల్లల డేటా ప్యాక్ అలాగే ఆవిరైపోతూ ఉంటుంది. వాళ్లకు ఈ రోజుకు పని జరగాలంటే "గిట్ క్లోన్ --ఫిల్టర్=బ్లాబ్:నన్ --స్పార్స్" అని చెప్పండి. చరిత్ర వస్తుంది, పాత ఫైళ్ల సరుకు రాదు, పైమెట్టు ఫోల్డర్లోని ఫైళ్లు మాత్రమే దిగుతాయి. కోడు ఫోల్డరు కావాలంటే "గిట్ స్పార్స్-చెకౌట్ సెట్" అని ఆ ఫోల్డరు పేరిస్తే చాలు. చాలామంది "--డెప్త్ 1" సలహా ఇస్తారు. మీకు అది సగమే పనికొస్తుంది. పాత రూపాలు తగ్గుతాయి గానీ ఇప్పుడున్న 4.6 జీబీ ఆడియో మాత్రం దిగి తీరుతుంది.

ఇక ఎల్‌ఎఫ్‌ఎస్. 2015లో గిట్‌హబ్ తెచ్చిన ఈ పద్ధతిలో పెద్ద ఫైలు వేరే సర్వర్లో ఉంటుంది, రిపోలో దాని బదులు మూడు వరసల చిన్న రాత ఉంటుంది: వెర్షన్, షా-256 హ్యాష్ (ఫైలు సరుకును బట్టి వచ్చే వేలిముద్ర లాంటి గుర్తు), సైజు. మీ ఊరి భాషలో చెప్పాలంటే మిర్చి టిక్కీలు కోల్డ్ స్టోరేజీలో, బాండు మీ చేతిలో. పద్ధతి మంచిదే. ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులో, అదీ పైసా లేని చోట, ఇబ్బంది అద్దె దగ్గర వస్తుంది. దాచినందుకూ కోటా ఉంటుంది, దించుకున్నందుకూ నెలవారీ కోటా ఉంటుంది. ఎవరు దించుకున్నా ఖర్చు రిపో యజమాని ఖాతాలోనే పడుతుంది, ఫోర్క్ చేసినవాళ్లదీ (మీ రిపోకు సొంత కాపీ పెట్టుకున్నవాళ్లదీ) మీ లెక్కలోకే వస్తుంది. నెలకు పది జీబీ ఉచితమనుకున్నా, మీ 4.6 జీబీ రెండుసార్లు దిగితే సరి. మూడో మనిషి క్లోన్ చేస్తే కోటా దాటుతుంది, డబ్బు కట్టకపోతే మళ్లీ నెల దాకా అందరికీ డౌన్‌లోడ్ ఆగిపోతుంది. ప్రతి పుల్ రిక్వెస్టుకూ (నా మార్పు కలుపుకోండన్న విన్నపానికీ) పరీక్షలు నడిపే యంత్రం ఆడియో అంతా లాగేలా పెట్టారా, ఒక్క మధ్యాహ్నంలో ఖతం.

మీ సీనియర్ చెప్పకపోయి ఉండవచ్చు గానీ, ఇంకో మూడు సంగతులున్నాయి. "గిట్ ఎల్‌ఎఫ్‌ఎస్ ట్రాక్" ఇకమీదట వచ్చే ఫైళ్లకే వర్తిస్తుంది, ఇప్పటికే ఉన్న 7 జీబీలో ఒక్క బైటు తగ్గదు. తగ్గాలంటే "గిట్ ఎల్‌ఎఫ్‌ఎస్ మైగ్రేట్ ఇంపోర్ట్"తో చరిత్రనే తిరగరాయాలి. రెండోది, ఎల్‌ఎఫ్‌ఎస్ ఇన్‌స్టాల్ చేసుకోనివాళ్లకు వేవ్ ఫైలు పేరుతో 130 బైట్ల రాత ముక్క దిగుతుంది. ప్రోగ్రాము దాన్ని తెరిచి "రిఫ్ హెడర్ లేదు", అంటే వేవ్ ఫైలు మొదట ఉండాల్సిన గుర్తు లేదు అంటుంది, ఆడియో లైబ్రరీ పాడైందనుకుని వాళ్లు రోజంతా దాన్ని పట్టుకుని కూర్చుంటారు. ఫైలు సైజు చూస్తే విషయం తెలిసిపోతుంది. మూడోది ముఖ్యం: గిట్‌హబ్‌లో ఒకసారి ఎక్కిన ఎల్‌ఎఫ్‌ఎస్ సరుకును మీరుగా తీసేయాలంటే రిపోనే డిలీట్ చేసి మళ్లీ పెట్టుకోవాలి. మీ దగ్గరున్నవి మనుషుల గొంతులు. ఆ సంగతి కింద చెప్తాం.

కాబట్టి మా మాట: ఎల్‌ఎఫ్‌ఎస్ వద్దు. ఆడియోను ఒక్కసారి స్థిరపరచి, ఇక ముట్టుకోకుండా రిపో బయట ఉంచండి. దాని మీద చేసే ప్రతి మార్పునూ రాతగా రిపోలో ఉంచండి. కోతలు, వాల్యూమ్, శబ్దం తగ్గించడం, ఇవేవీ కొత్త ఆడియో ఫైళ్లు కానక్కర్లేదు. వాల్యూమ్ సరిచేసేది స్క్రిప్టు, అది కోడులో ఉంటుంది. కోత అంటే మొదలు సెకను, ముగింపు సెకను, అవి పట్టికలో రెండు గడులు. ఒక వాక్యాన్ని అర సెకను ముందు నుంచి కోయాలనిపిస్తే పట్టికలో ఒక అంకె మారుతుంది, డిఫ్‌లో (పాత, కొత్త రూపాల తేడా చూపే చోట) ఒక వరస కనిపిస్తుంది. ఎవరు మార్చారో, ఎందుకు మార్చారో కూడా తెలుస్తుంది. గిట్ చేతనైన పని అది.

ముందు వేవ్‌లను ఫ్లాక్‌లోకి మార్చండి. ఫ్లాక్‌లో నాణ్యత పోదు, విప్పితే అవే శాంపిళ్లు వస్తాయి, మాటల రికార్డింగు సగానికి అటూ ఇటూగా తగ్గుతుంది. మీ 4.6 జీబీ దాదాపు 2.3 జీబీ అవుతుందనుకోండి. మార్చేటప్పుడు "--వెరిఫై" జోడిస్తే రాసినదాన్ని వెంటనే విప్పి అసలుతో సరిచూస్తుంది. అసలు ధ్వని ఎండీ5 (ఇదీ ఒక హ్యాషే) ఫ్లాక్ ఫైలు తలలోనే ఉంటుంది కాబట్టి, తర్వాతెప్పుడైనా "ఫ్లాక్ -టి" కొడితే ఫైలు చెడిందో లేదో తేలిపోతుంది. ఒక జాగ్రత్త: వేవ్ హెడర్లో రికార్డర్ యాప్ రాసిన అదనపు వివరాలు, అంటే తేదీ, ఫోను మోడలు వంటివి, మామూలుగా మార్చితే పోతాయి. కావాలనుకుంటే ముందే పట్టికలోకి ఎక్కించండి. అన్నట్టు, ఫోన్లో అసలు రికార్డింగు 44.1 లేదా 48 కిలోహెర్ట్జ్‌లో జరిగి, మీరు 16కి దించి ఉంటే ఆ అసలువి పారేయకండి. హార్డ్ డిస్కులో రెండు కాపీలు, వేర్వేరు ఇళ్లలో పెట్టండి. దించినదాన్ని మళ్లీ తయారు చేసుకోవచ్చు, అసలును చేసుకోలేరు.

తర్వాత ఒక్కో మనిషి రికార్డింగులు ఒక్కో టార్‌గా (ఫైళ్లన్నీ మూటగట్టిన ఒకే ఫైలుగా) కట్టండి. 60 మందికి 60 టార్లు, ఒక్కోటి సగటున 38 ఎంబీ. మనిషికొకటి ఎందుకంటే, శిక్షణకు కొందరు, పరీక్షకు కొందరు అని విడదీయడం మనిషి ప్రకారమే చేయాలి. ఒకే గొంతు రెండువైపులా ఉంటే మార్కులు దొంగగా పెరుగుతాయి. టార్‌ను జీజిప్ చేయకండి, ఫ్లాక్ మీద అది ఒక్క శాతం కూడా మిగల్చదు. కానీ టార్ కట్టే తీరు మాత్రం ఖరారు చేసుకోవాలి. "--సార్ట్=నేమ్", "--ఎంటైమ్"కు ఒక స్థిరమైన తేదీ, "--ఓనర్=0 --గ్రూప్=0 --న్యూమరిక్-ఓనర్", "--మోడ్"కు ఒకే అనుమతులు. ఇవి లేకపోతే అవే ఫైళ్లను మీరొకసారి, మీ మిత్రుడొకసారి కడితే లోపలి తేదీలు, యూజర్ పేర్లు తేడా వచ్చి హ్యాష్ మారుతుంది. సరుకు ఒకటే, ముద్ర వేరు. ఏది సరైనదో తేల్చుకోలేక తల పట్టుకోవాల్సి వస్తుంది.

ఈ టార్లను గిట్‌హబ్ రిలీజుకు (ఒక వెర్షన్ ఫైళ్లను అందరూ దించుకోవడానికి పెట్టే పేజీకి) జోడించండి. అక్కడ ఒక్కో ఫైలు 2 జీబీ లోపుండాలి, ఒక రిలీజుకు వెయ్యి ఫైళ్ల దాకా పెట్టవచ్చు. మొత్తం సైజు మీద గానీ డౌన్‌లోడ్ మీద గానీ పరిమితి లేదు. మీలాంటివాళ్లకు సరిగ్గా సరిపోయేది ఇదే. పైగా రిలీజు ఫైలు మామూలు డౌన్‌లోడే కాబట్టి తెగినచోటి నుంచి సాగుతుంది: "డబ్ల్యూగెట్ -సి" లేదా "కర్ల్ -ఎల్ -ఓ -సి -" అని చివర గీతతో. డబ్ల్యూగెట్‌లో సి చిన్నక్షరం, కర్ల్‌లో మూడూ పెద్దక్షరాలు. హాట్‌స్పాట్ పిల్లలకు అన్నిటికంటే మేలు చేసేది ఈ ఒక్క మార్పే.

రెండో రిలీజులో ఐదుగురు కొత్తవాళ్లు చేరితే ఐదు టార్లే ఎక్కించండి, పాత 60 మళ్లీ ఎక్కించక్కర్లేదు. పాతవాటి చిరునామా పాత రిలీజుకే చూపిస్తుంది. ఒకసారి బయటికి వెళ్లిన టార్‌ను అదే పేరుతో మార్చి పెట్టడం మాత్రం ఎన్నడూ చేయొద్దు. తప్పుంటే వెర్షన్ నంబరు మార్చి కొత్త పేరుతో పెట్టండి.

రిపోలో మిగిలేది ఇంత: కోడు, రెండు రకాల పట్టికలు, దించే స్క్రిప్టు, పరీక్షలకు పది చిన్న శాంపిళ్లు. ఐదు సెకన్ల వేవ్ 160 కేబీ, పదీ కలిపి 1.6 ఎంబీ, వాటిని మామూలు గిట్‌లోనే ఉంచేయండి. మొదటి పట్టిక టార్ల జాబితా: పేరు, చిరునామా, సైజు, షా-256. 60 వరసలు. రెండోది మాటల పట్టిక: రికార్డింగు ఐడీ, మొదలు, ముగింపు, రాతప్రతి. సగటున పది సెకన్ల ముక్క అనుకుంటే 14,400 వరసలు. దీన్ని ఒకే ఫైలుగా కాకుండా మనిషికొక ఫైలుగా, తలా 240 వరసలుగా విడదీయండి. ఇద్దరు ఒకేసారి దిద్దినా మెర్జ్ గొడవలు (మార్పులు కలిపేటప్పుడు వచ్చే తగువులు) చాలావరకు రావు. వరసలు ఐడీ ప్రకారం క్రమంలో ఉండాలి, లేకపోతే ఎవరో ఒకరు సార్ట్ చేసి సేవ్ చేసిన రోజు డిఫ్ అంతా ఎర్రగా పచ్చగా మారి, అసలు మార్పు అందులో మునిగిపోతుంది.

మాటల పట్టిక కామాతో విడదీసే సీఎస్‌వీ కాకుండా ట్యాబ్‌తో విడదీసే టీఎస్‌వీగా ఉంచండి. తెలుగు వాక్యాల్లో కామాలు దండిగా ఉంటాయి. ఎన్‌కోడింగు యూటీఎఫ్-8, ముందు బామ్ (ఫైలు మొదట చేరే కనిపించని గుర్తు) లేకుండా, వరస చివర ఎల్‌ఎఫ్ (లినక్స్ తరహా వరస ముగింపు గుర్తు). విండోస్ వాడేవాళ్ల కోసం "గిట్ఆట్రిబ్యూట్స్" ఫైల్లో టీఎస్‌వీలన్నిటికీ "టెక్స్ట్ ఈవోఎల్=ఎల్‌ఎఫ్" అని ఒక వరస రాయండి. ఎక్సెల్‌తో తెరిచి సేవ్ చేయనివ్వకండి. 014 అన్న ఐడీని 14 చేస్తుంది, మామూలు సీఎస్‌వీగా సేవ్ చేస్తే తెలుగంతా ప్రశ్నార్థకాలుగా మారవచ్చు. లిబ్రెఆఫీస్ కాల్క్ అయితే తెరిచేటప్పుడే ఎన్‌కోడింగు, విడదీసే గుర్తు అడుగుతుంది, ఐడీ గడిని "టెక్స్ట్" అని ఎంచుకుంటే అంకెలూ మారవు.

తెలుగుకే ప్రత్యేకమైన తలనొప్పులు మరికొన్ని. "ఆఫీస్‌లో" అన్న మాటలో సకారపు పొల్లు విడిగా నిలవాలంటే మధ్యలో కంటికి కనిపించని జీరో విడ్త్ నాన్ జాయినర్ ఉండాలి. ఒకరి కీబోర్డు దాన్ని పెడుతుంది, మరొకరిది పెట్టదు, ఇంకొకరిది రెండుసార్లు పెడుతుంది. డిఫ్‌లో వరస మారినట్టు చూపిస్తుంది, చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి. ఐత్వం గుర్తూ అంతే. అది ఒకే కోడుగా రావచ్చు, లేదా ఎత్వం మీద ఐ పొడవు గుర్తు చేర్చి రెండు కోడ్లుగానూ రావచ్చు. తెర మీద ఒకటే, బైట్లలో వేరు. మీ మోడలు వాటిని రెండు వేర్వేరు అక్షరాలుగా నేర్చుకుంటుంది. కమిట్‌కు ముందు నడిచే చిన్న పైథాన్ తనిఖీ ఒకటి రాసి, ప్రతి రాతప్రతినీ ఎన్‌ఎఫ్‌సీలోకి, అంటే ఇలాంటి రెండు రూపాలను ఒకటే చేసే యూనికోడ్ పద్ధతిలోకి, మార్చండి. నాన్ జాయినర్ పొల్లు తర్వాత తప్ప ఇంకెక్కడ కనిపించినా, వరసగా రెండున్నా ఆపేయమనండి.

ఫైళ్లకు మాత్రం తెలుగు పేర్లు పెట్టకండి. భాషాభిమానం లేక చెప్పడం లేదు. యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు గుర్తుకు మూడు బైట్లు పడతాయి. లినక్స్‌లో ఫైలు పేరు 255 బైట్లకు మించకూడదు, అంటే 85 గుర్తులు, గుణింతాలు, వత్తులు కలుపుకుని. పైగా గిట్ మామూలుగా అలాంటి పేర్లను "\340\260" అంటూ అంకెల వరసగా చూపిస్తుంది. ఇప్పటికే తెలుగు పేర్లుంటే "కోర్.కోట్‌పాత్"ను "ఫాల్స్" చేస్తే చదవగలుగుతారు. కొత్తవాటికి ఊరి కోడు, మనిషి నంబరు, రికార్డింగు నంబరు, మధ్యలో అండర్‌స్కోర్, అన్నీ చిన్న ఇంగ్లిషు అక్షరాల్లో. మనిషి పేరు, ఫోన్ నంబరు మాత్రం ఫైలు పేరులోకి రానివ్వకండి.

దించే స్క్రిప్టు గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. జాబితా చదవాలి, ఫైలు ముందే ఉండి హ్యాష్ కలిస్తే వదిలేయాలి, లేకపోతే తాత్కాలిక పేరుతో దించి, హ్యాష్ సరిచూసి, కలిసిన తర్వాతే అసలు పేరు పెట్టాలి. ఎంతమంది గొంతులు కావాలో అడిగే ఆప్షన్ ఒకటి ఉంచండి. కోడు మీద పని చేసేవాళ్లకు ఐదుగురి ఆడియో చాలు, 190 ఎంబీ. పక్క ఫోల్డరు నుంచి తీసుకునే ఆప్షన్ కూడా పెట్టండి. మొత్తం కావాలన్నవాళ్లకు పెన్‌డ్రైవ్‌లో వేసి గుంటూరు నుంచి విజయవాడ బస్సెక్కేవాళ్ల చేతికిస్తే ఏ నెట్‌వర్కు కంటే ముందే చేరుతుంది. వచ్చింది సరైనదో కాదో హ్యాష్ చెప్తుంది కాబట్టి ఎవరి చేతుల మీదుగా వచ్చినా దిగుల్లేదు.

పెద్ద డేటాను గిట్ పక్కన నడిపే డీవీసీ, గిట్-అనెక్స్ లాంటివి మీరు వినే ఉంటారు. రెండూ మంచి పనిముట్లే. మోడళ్లకు శిక్షణ ఇస్తూ, ఏ డేటా మీద ఏ ఫలితం వచ్చిందో కలిపి గుర్తుంచుకోవాలనుకున్న రోజున డీవీసీ చూడండి. అందులో అందరూ చేసే పొరపాటు గిట్ పుష్ చేసి డీవీసీ పుష్ మరిచిపోవడం. చీటీ చేరుతుంది, సరుకు చేరదు. మీ ఆడియో మారదు కాబట్టి ఇప్పటికి అంత అవసరం లేదు. జర్నల్ పేపర్లో ఉటంకించడానికి శాశ్వత చిరునామా కావాలంటే యూరప్ పరిశోధన సంస్థ సెర్న్ నడిపే జెనోడో అనే డేటా భాండారం ఉంది. ఉచితం, ఒక రికార్డుకు 50 జీబీ, 100 ఫైళ్ల దాకా. మీ 60 టార్లు హాయిగా పడతాయి. అయితే అక్కడ ప్రచురించాక ఫైళ్లు ఇష్టమొచ్చినప్పుడు మార్చలేరు, మామూలుగా కొత్త వెర్షనే పెట్టాలి.

అందుకే జెనోడోకు తొందరపడొద్దంటాం. ఆ 60 మందిలో ఒకరు రేపు ఫోన్ చేసి "నా గొంతు తీసేయండమ్మా" అంటే? 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ఇచ్చిన అనుమతిని వెనక్కి తీసుకునే హక్కు కల్పించింది. చట్టం మాట అటుంచినా, అడిగితే తీసేయడం మర్యాద. ఆడియో గిట్ చరిత్రలో ఉంటే ఒక మనిషి గొంతు తీయడానికి మొత్తం చరిత్రను తిరగరాయాలి. మనిషికొక టార్ ఉంటే ఆ టార్‌ను రిలీజు నుంచి తీసేసి, జాబితాలో ఒక వరస, మాటల పట్టికలో ఒక ఫైలు తొలగిస్తే సరి. ఇప్పటికే దించుకున్నవాళ్ల దగ్గరిది మీ చేతిలో లేదు. ఈ మాట అనుమతి పత్రంలో తెలుగులో, సూటిగా రాసి సంతకం తీసుకోండి. డేటా లైసెన్సు కూడా కోడు లైసెన్సు నుంచి విడిగా రాయండి. ఎంఐటీ, అపాచీ లాంటివి కోడుకు రాసినవి, ఆడియోకు క్రియేటివ్ కామన్స్ బై 4.0 సరిపోతుంది.

ఇక చరిత్ర కడగడం. ఇది ఒక్కసారే చేసే పని, తేదీ నిర్ణయించి అందరికీ ముందే చెప్పి చేయండి. తెరిచి ఉన్న పుల్ రిక్వెస్టులు కలిపేయండి లేదా మూసేయండి. ముందుగా "గిట్ క్లోన్ --మిర్రర్"తో పూర్తి కాపీ ఒక హార్డ్ డిస్కులోకి తీసుకోండి. డిస్కు ఫ్యాట్32 అయితే 4 జీబీ దాటిన ఒక్క ఫైలు కూడా పట్టదు, ప్యాక్ ఫైలు అంతకంటే పెద్దదే ఉంటుంది, కాబట్టి ఎక్స్‌ఫ్యాట్ చేసుకోండి. అన్ని వేవ్‌లూ బయట ఉన్నాయని, ఫ్లాక్‌లు విప్పితే సరిగా ఉన్నాయని చూసుకోనిదే తర్వాతి అడుగు వేయొద్దు.

పని కోసం మళ్లీ ఒక తాజా క్లోన్ తీయండి. "గిట్ ఫిల్టర్-రిపో" వాడాలి. పాత ఫిల్టర్-బ్రాంచ్ జోలికి పోవద్దు, దాన్ని వాడొద్దని గిట్ వాళ్లే అంటున్నారు. ముందు "--అనలైజ్" కొడితే ఏ దారిలోని ఫైళ్లు చరిత్రలో ఎంత చోటు తిన్నాయో జాబితా రాసిపెడుతుంది. డిలీట్ చేసి మరిచిపోయిన జిప్‌లు, మోడల్ ఫైళ్లు అక్కడ బయటపడతాయి. తర్వాత "--పాత్-గ్లాబ్"కు వేవ్ నమూనా ఇచ్చి "--ఇన్వర్ట్-పాత్స్" జోడిస్తే అవి తప్ప మిగతా చరిత్ర మిగులుతుంది. ఒక సైజు దాటినవన్నీ తీసేసే ఆప్షన్ కూడా ఉంది గానీ మీకు నప్పదు, చిన్న వేవ్‌లు మిగిలిపోతాయి, ఎవరి గొంతో ఒకటి లోపలే ఉండిపోతుంది. పరీక్షల శాంపిళ్లు కూడా దీంతో పోతాయి, వాటిని తర్వాత కొత్తగా చేర్చండి.

పని అయ్యాక చూస్తే "ఆరిజిన్" మాయమై ఉంటుంది. కంగారు పడకండి, పొరపాటున పాత రిపో మీదికి పుష్ చేయకుండా అది కావాలనే తీసేస్తుంది. ఇక్కడ మీకు రెండు దారులు. అదే రిపో మీదికి ఫోర్స్ పుష్ చేయవచ్చు. కానీ పాత పుల్ రిక్వెస్టుల గుర్తులు గిట్‌హబ్ దగ్గర పాత కమిట్లను పట్టుకునే ఉంటాయి, వాటిని తీయించాలంటే వాళ్ల సపోర్టుకు రాయాలి. ఆరుగురి ప్రాజెక్టుకు రెండో దారే సుళువు: కొత్త రిపో తెరిచి కడిగిన చరిత్రను అక్కడ పెట్టి, ఇష్యూలను ట్రాన్స్‌ఫర్ చేసి, పాతదాన్ని డిలీట్ చేయడం. డిలీట్‌కు ముందు ఫోర్కులు ఎవరెవరికి ఉన్నాయో చూసి వాళ్లను తీసేయమని అడగండి. పబ్లిక్ రిపో పోయినా ఫోర్కులు బతికే ఉంటాయి, వాటిలో ఆడియో కూడా.

కడిగాక ప్రతి కమిట్ నంబరూ మారిపోతుంది. అందరూ పాత ఫోల్డరు పక్కన పెట్టేసి కొత్తగా క్లోన్ చేసుకోవాలి. పాత ఫోల్డర్లో పుల్ కొట్టి, వచ్చిన గొడవను మెర్జ్ చేసి, పుష్ చేసేవాడు ఒక్కడున్నా 7 జీబీ మళ్లీ లోపలికొస్తుంది. మళ్లీ ఎవరూ పెద్ద ఫైలు ఎక్కించకుండా ప్రీ-కమిట్‌లో (కమిట్‌కు ముందు తనిఖీలు నడిపే పనిముట్టు) "చెక్-యాడెడ్-లార్జ్-ఫైల్స్" హుక్, అంటే తనంతట నడిచే తనిఖీ, పెట్టండి. ఊరికే వదిలేస్తే 500 కేబీ దగ్గర ఆపుతుంది, మీకు అది చాలు. హుక్ అనేది ఎవరి కంప్యూటర్లో వాళ్లు పెట్టుకోవాల్సింది కాబట్టి, అదే తనిఖీ పుల్ రిక్వెస్టు మీద సర్వర్లోనూ నడవాలి. ఆడియో ఫోల్డరు పేరు "గిట్ఇగ్నోర్"లో చేర్చండి.

చివరగా కొత్త క్లోన్‌లో "గిట్ కౌంట్-ఆబ్జెక్ట్స్ -విహెచ్" కొట్టండి, వి చిన్నక్షరం, హెచ్ పెద్దక్షరం. "సైజ్-ప్యాక్" పక్కన పది ఇరవై ఎంబీ కనిపించాలి. ఇంకా వందల్లో ఉంటే ఏదో పాత ట్యాగో బ్రాంచో వెనక చరిత్రను పట్టుకుని ఉందన్నమాట. "గిట్ ఫర్-ఈచ్-రెఫ్" కొడితే అదేదో పేరుతో సహా కనిపిస్తుంది.